తలగుడ్డలో ఫ్యూజు

చెరువులో పనికి దిగే ముందు మా ఆయన జోజి ఫ్యూజు పీకి తలగుడ్డలో కట్టుకునేవారు. ఐ.పోలవరం వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసే పాతవాళ్ళందరికీ ఆ అలవాటు ఉండేది. నీళ్ళ మధ్యలో ఏరియేటర్లు తేలుతూ ఉంటాయి. మోటారు తిరిగితే వాటి రెక్కలు నీళ్ళను చిమ్ముతాయి. ఆ చిమ్మడంలోనే రొయ్యకు గాలి అందుతుంది. రెక్కలకు నాచు చుట్టుకున్నా, తాడు పడినా, బోల్టు వదులైనా మనిషి నడుంలోతు నీళ్ళలో నడిచి వెళ్ళి సరిచేయాలి. గట్టు మీద స్విచ్చి కట్టేసి దిగితే చాలదు. ఎవరో వచ్చి, నీళ్ళలో మనిషి ఉన్నాడని తెలియక, స్విచ్చి వేసేయవచ్చు. అందుకని గట్టు మీది ఫ్యూజు డబ్బాలోంచి తెల్ల పింగాణీ ఫ్యూజు పీకి, దిగేవాడే తన దగ్గర ఉంచుకోవాలి.

"నా ప్రాణం నా నెత్తి మీదే ఉందే," అనేవారు నాతో.

నేను షెడ్డులో వంట చేస్తూ చెరువు వైపు చూసేదాన్ని. తలగుడ్డ ఒక పక్క ఉబ్బి కనిపిస్తే మళ్ళీ పొయ్యి వైపు తిరిగేదాన్ని.

చెరువులు వీరవెంకటరమణగారివి. మంచి మనిషి. ఒక ఏడాది తెల్లవారుజామున కరెంటు పోయిన సంగతి ఎవరూ చూసుకోక ఒక చెరువంతా తేలిపోయింది. చచ్చిన రొయ్యను చూస్తూ గట్టు మీద కూర్చున్నాయన గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయారు. కాకినాడ తీసుకెళ్ళి స్టెంటు వేయించారు. తిరిగి వచ్చాక షెడ్డులో కంప్యూటరు పెట్టించారు. చెరువుల్లో మీటర్లు వేశారు. నీళ్ళలో గాలి తగ్గితే కంప్యూటరే మోటార్లు తిప్పుతుంది. ఏ చెరువుకైనా కరెంటు తెగితే రమణగారి ఫోను కేకలు పెడుతుంది, కరెంటు తిరిగొచ్చేదాకా ఆగదు. పోయిన కరెంటు తిరిగి వచ్చినా, కంప్యూటరు ఆగి మళ్ళీ లేచినా, ఎవరినీ అడగకుండా అన్ని మోటార్లూ తిరగాలని ఆయన పట్టుబట్టి పెట్టించుకున్నారు. ఆయన భయం ఆయనది.

ఇదంతా అమర్చింది మా పేటలోని శాంతి. అమలాపురంలో ఇంజనీరింగు చదివింది. ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి పని చేస్తుంది. మమ్మల్ని బాబాయ్, పిన్ని అని పిలుస్తుంది. రమణగారు హైదరాబాదు నుంచి తెప్పించిన పెద్ద పాత కంప్యూటరుకు రెండు ప్రాసెసర్లు ఉండేవి. మనిషికి బుర్ర ఎలాగో దానికి ప్రాసెసరు అలాగ అని శాంతి నాకు చెప్పింది.

ఆ ఏడు వానల మొదట్లో షెడ్డు పక్క కొబ్బరిచెట్టు మీద పిడుగు పడింది. చెట్టు మోడైపోయింది. కంప్యూటరులో రెండో ప్రాసెసరు మాడిపోయింది.

దాని బదులు ఇంకొకటి తెప్పించారు. శాంతి వచ్చి బిగించింది. చాలాసేపు తెర వైపు చూసి, లేచి బయటికి వచ్చింది. రమణగారు గట్టు మీది సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నారు. మా ఆయన, సుభాష్ కింద కూర్చుని వల బాగుచేస్తున్నారు. సుభాష్ మా ఆయనతో కలిసి పనిచేసేవాడు, మాకు దూరపు చుట్టం.

"పేరొకటేనండి. కానీ ఇది దానికన్నా కొంచెం పాతదండి," అంది శాంతి.

"పాతదైతే ఏమ్మా? నేనూ పాతవాణ్ణే. నడవట్లేదా?"

"మీరు నడుస్తున్నారండి. దీన్ని కెర్నెల్ నడవనివ్వట్లేదండి."

"అదెవరు?" అన్నాడు సుభాష్.

"మనిషి కాదు మావయ్యా. కంప్యూటరులో అన్నిటికన్నా ముందు లేచే ప్రోగ్రాం. మిగతా వాటికి పనులు పంచేది అదే."

మా ఆయన వల పక్కన పెట్టారు. ఆయనకు ఇలాంటివి వినడం ఇష్టం. "మరి దానికేంటమ్మా అభ్యంతరం?"

శాంతి గట్టు మీద గొంతుక్కూర్చుంది. "మోటార్ల ప్రోగ్రాం బాగా పాతది బాబాయ్. పాత సిస్టం మీదే నడుస్తుంది. మీటర్ల ప్రోగ్రాం కొత్తది. అందుకని ఒక్క కంప్యూటరు లోపలే రెండు కంప్యూటర్లున్నట్టు చేసేను. దేనికది నేనొక్కదాన్నే ఉన్నాననుకుంటుంది. అలా అనుకునేలా చెయ్యాలంటే ప్రాసెసరుకే ఆ విద్య వచ్చి ఉండాలి. ఒక్కో ప్రాసెసరు లోపల కోర్లని చాలా ఉంటాయి. పని మొదలెట్టే ముందు కెర్నెల్ ఒక్కోదాన్నీ అడుగుతుంది, నీకీ విద్య వచ్చా, మొదటిదానికి వచ్చినంతా వచ్చా అని. ఒక్కటి తేడాగా చెప్పినా మొత్తం ఆపేస్తుంది."

"ఒక్కదాని గురించి అందర్నీ ఆపేస్తుందా? మరీ పట్టింపు మనిషిలాగుందే."

"ఆపాలి బాబాయ్. సమాధులకి శవప్పెట్టె మోసుకెళ్తాం కదా. దారిలో భుజాలు మారుతూనే ఉంటాం కదా. ఈ ప్రోగ్రాములూ అంతే. ఒక కోరు మీంచి ఇంకో కోరు మీదకి మారిపోతుంటాయి. ఎవరి భుజం మీదున్నామో లోపలున్నవాళ్ళకి తెలీదు."

"పెట్టెలో ఉన్నాయనకి ఎలాగూ తెలీదులే," అన్నారు మా ఆయన.

"నవ్వకు బాబాయ్. అవతలి భుజం అదే ఎత్తులో లేకపోతే ఏమవుద్ది?"

"మా సుభాష్ గాడు పట్టుకున్నట్టుంటుంది. ఆడి పక్కకే ఒరుగుద్ది."

"పొట్టోణ్ణయినా నిన్ను మొయ్యగల్ను బావా," అన్నాడు సుభాష్ తలెత్తకుండా.

"మొయ్యి. పడెయ్యకు అంతే."

రమణగారు కూడా నవ్వారు. తర్వాత అడిగారు, ఆ రెండోదాన్ని తీసి పక్కన పడేస్తే కుదరదా అని. మోటార్ల తీగలు తగిలించిన కార్డు రెండోదాని కింది గాడిలో ఉందని, అక్కడ ప్రాసెసరు లేకపోతే ఆ గాడే పనిచేయదని, మొదటిదాని గాడులు పిడుగుకు మాడిపోయాయని శాంతి చెప్పింది. సరైన ప్రాసెసరు కోసం మళ్ళీ కబురు పెట్టింది. వచ్చేదాకా ఒక ఉపాయం చేసింది. రెండోదాన్ని అక్కడే ఉంచి, దాని కోర్లన్నిటినీ నిద్రపుచ్చింది. కెర్నెల్ మేలుకున్నవాటినే అడిగింది. అవన్నీ ఒకేలా చెప్పాయి. పని మొదలైంది.

మొదలైంది గాని నత్తలాగ నడిచింది. మీటరు ఒకటి చెబితే మోటారు ఎప్పటికో తిరిగేది. మా ఆయన, సుభాష్ పగలంతా గట్ల వెంట పరుగెత్తి చేత్తో స్విచ్చిలు వేసేవారు. అంతలో ముసురు పట్టింది. ఎండ లేకపోతే నీళ్ళలో గాలి ఇంకా తగ్గుతుంది. ఒక ఉదయం రెండో చెరువు అంచున రొయ్య తేలింది. రమణగారు వచ్చి చూశారు. చెయ్యి చొక్కా మీద, ఎడమ పక్కన పెట్టుకున్నారు.

"ఇంకో దారి లేదా అమ్మా?" అన్నారు శాంతితో.

శాంతి తెర వైపే చూస్తూ ఉంది. "ఉందండి. అది మంచిది కాదండి."

"చెప్పు."

"పని మొదలెట్టేటప్పుడు మేలుకున్నవాళ్ళనే ఈ కెర్నెల్ అడుగుతుందండి. మొదలయ్యాక లేచినవాళ్ళని అడగదండి. అడగాలి. ఇది అడగదు. ఇప్పుడు నేను ఆ నిద్రపోతున్నవాటిని లేపితే వచ్చి పనిలో కలిసిపోతాయండి."

"అయితే లేపెయ్యి."

"కంప్యూటరు మొత్తం పడిపోవచ్చండి. ఎప్పుడు పడుతుందో చెప్పలేనండి. అసలు పడకపోనూవచ్చు."

"సరైనది వచ్చేదాకానేగా అమ్మా."

శాంతి ఒప్పుకోలేదు. రమణగారు అలసిపోయి బల్ల మీదకు వెళ్ళి కూర్చున్నారు. అప్పుడు మా ఆయన లోపలికి వచ్చారు. ఒళ్ళంతా బురద.

"లేపెయ్యమ్మా శాంతీ. ఆయన్ని చూడు ఎలాగున్నారో. ఈ పంట పోతే ఆ మనిషి లేవరు."

"పడితే బాబాయ్?"

"పడితే మళ్ళీ లేస్తుందిగా?"

"లేస్తుంది. లేవగానే మోటార్లన్నీ తిరుగుతాయి. నువ్వప్పుడు నీళ్ళల్లో ఉంటే?"

మా ఆయన తలగుడ్డ మీద చెయ్యి వేసి చూపించారు. "నా ఫ్యూజు నా నెత్తి మీదుంటే నీ కంప్యూటరు ఎన్నిసార్లు పడితే నాకేంటమ్మా?"

"ఫ్యూజు లేకుండా దిగనని చెప్పు."

"ఆయ్, దిగను."

"పిన్ని మీద ఒట్టెయ్యి."

"మనం ఒట్లు పెట్టుకోకూడదు. పాస్టరుగారికి తెలిస్తే తిడతారు. మాటంటే మాటే."

శాంతి నా వైపు చూసింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాకు ఈ కోర్లు, కెర్నెల్ సగమే అర్థమయ్యాయి. ఫ్యూజు మాట మాత్రం పూర్తిగా అర్థమైంది. శాంతి కుర్చీలో కూర్చుని ఏదో కొట్టింది. ఏ చప్పుడూ కాలేదు. కాసేపటికి మోటార్లు చకచకా అందుకున్నాయి. బయట సుభాష్ ఈల వేశాడు.

ఆ రోజు నుంచి అంతా బాగానే నడిచింది. రొయ్య మళ్ళీ మేత అందుకుంది. శాంతి మాత్రం రోజూ ఫోను చేసి, "బాబాయ్ ఫ్యూజు తీస్తున్నాడా పిన్ని?" అని నన్నే అడిగేది. తీస్తున్నారనే చెప్పేదాన్ని. నిజమే, తీస్తూనే ఉన్నారు.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఫ్యూజు పీకినప్పుడల్లా ఆ చెరువుకు కరెంటు తెగినట్టే కంప్యూటరు లెక్క. వెంటనే అక్కడ రమణగారి ఫోను కేక పెట్టేది. ఆయన కంగారుగా ఫోను చేసేవారు.

"జోజీ, ఏమైంది?"

"ఏం లేదండి, నేనేనండి. ఫ్యూజు తీసేనండి. నాచు పట్టిందండి."

"ఓహో. సరేనయ్యా. నా గుండె జారిపోయింది."

ఎప్పుడూ కోప్పడలేదు. కోప్పడి ఉంటే మా ఆయన లక్ష్యపెట్టేవారు కారేమో. ఒకసారి అమ్మగారు, అంటే రమణగారి భార్య, షెడ్డుకు వచ్చినప్పుడు మా ఆయనతో మెల్లగా అన్నారు, "ఆ ఫోను మోగినప్పుడల్లా ఆయన ముఖం తెల్లగా అయిపోతోంది జోజీ. అన్నం మధ్యలో లేచిపోతున్నారు." మా ఆయన తల వంచుకుని, "ఆయ్, చూస్తానండి," అన్నారు. ఆ రాత్రి అన్నం తింటూ నాతో, "పాపం, మనవల్ల ఆ మనిషి రోజూ సగం చస్తున్నారే," అన్నారు. అప్పటి నుంచి దిగే పనులన్నీ కూడబెట్టి ఒక్కసారే దిగేవారు. ఫ్యూజు మాత్రం మానలేదు.

రమణగారి మనవరాలు కీర్తికి అప్పనపల్లిలో పుట్టు వెంట్రుకలు తీయించడానికి ముహూర్తం పెట్టుకున్నారు. ఆ ఉదయం ఆయనే ఫోను చేశారు. మా ఆయన స్పీకరు వేసి అరచేతిలో పెట్టుకుని వినేవారు కాబట్టి ఆ మాటలు నాకూ వినపడ్డాయి.

"జోజీ, పిల్లని తీసుకుని బయల్దేరుతున్నాం. ఇవాళొక్కరోజు ఆ ఫోను మోగకుండా చూడవయ్యా. మీ అమ్మగారు నన్ను గుళ్ళోకి కూడా రానివ్వదు."

"ఆయ్, అలాగేనండి. మీరు ప్రశాంతంగా వెళ్ళి రండి."

పొద్దెక్కినా ముసురు విడవలేదు. సుభాష్ మేత బస్తాల కోసం ఆటో కట్టించుకుని వెళ్ళాడు. మూడో చెరువులో ఏరియేటరు చప్పుడు మారింది. పాత వల ముక్క ఏదో కొట్టుకొచ్చి రెక్కలకు చుట్టుకుంది. మోటారు మూలుగుతోంది. అలాగే వదిలేస్తే కాలిపోతుంది.

మా ఆయన షెడ్డులోకి వచ్చి కంప్యూటరులో మూడో చెరువు మోటారు ఆపారు. తెర మీద ఆ చెరువు పక్కనున్న ఆకుపచ్చ చుక్క ఎర్రగా మారింది. నాకు చదవడం రాదు గాని చుక్కలు తెలుసు.

"నువ్వక్కడే ఉండి చూడు. ఎర్రగానే ఉందా?"

"ఎర్రదే."

ఆయన గట్టు దిగబోతున్నారు. తలగుడ్డ సాపుగా ఉంది.

"ఏవండీ, ఫ్యూజు?"

"ఆయన గుళ్ళో ఉన్నారే. పిల్ల తల మీద కత్తి పెట్టే టైముకి ఇది మోగితే ఏం బాగుంటుంది?"

"మోగితే మోగనివ్వండి. శాంతికి మాటిచ్చేరు."

"రెండు నిమిషాల పని. నువ్వు చుక్క చూస్తున్నావుగా. ఇన్నాళ్ళలో ఒక్కసారైనా పడిందా అది?"

పడలేదు. నిజంగా ఒక్కసారి కూడా పడలేదు. ఆయన చేతిలో కొడవలి పట్టుకుని నీళ్ళలోకి నడిచారు. నేను గుమ్మంలో నిలబడి ఒకసారి తెర వైపు, ఒకసారి ఆయన వైపు చూస్తూ ఉన్నాను. ఆయన రెక్కల దగ్గరకు వెళ్ళి వల ముక్కను కోయడం మొదలుపెట్టారు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నారు. ఏ పాటో వానలో తెలియలేదు.

తెర నల్లబడింది.

కరెంటు పోలేదు. పైన బల్బు వెలుగుతూనే ఉంది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వరసలు వరసలుగా పరుగెత్తాయి. నేను అరిచాను. "రండి, వచ్చేయండి" అని అరిచాను. ఆయన తలెత్తి ఏంటన్నట్టు చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నారు. పక్క చెరువుల మోటార్ల హోరులో వినపడలేదు. ఆ హోరు ఆగింది. ఆగేసరికి నా అరుపు వినపడి, ఆయన నా వైపు ఒక అడుగు వేశారు. నేను డబ్బా వైపు పరుగెత్తాను. సగం దూరంలో ఉండగానే వెనక అన్ని చెరువుల్లోనూ ఒక్కసారే మోటార్లు అందుకున్నాయి.

నేను ఫ్యూజు పీకాను. ఇప్పటికీ నా చేతికి ఆ పింగాణీ చల్లదనం తెలుస్తుంది. పీకేసరికి చెరువు మధ్యలో రెక్కలు ఇంకా కొద్దిగా ఊగుతున్నాయి. తలగుడ్డ విడిపోయి నీళ్ళ మీద తేలుతోంది.

ఫ్యూజు పీకినందుకు అప్పనపల్లిలో రమణగారి ఫోను మోగింది. మనవరాలి తల సగమే గీశారట. ఆయన అక్కడి నుంచి అలాగే కారెక్కి వచ్చేశారు. ఒంటి మీద కండువా మాత్రమే ఉంది. గట్టు మీద మా ఆయన్ని పడుకోబెట్టి ఉంచారు. రమణగారు పక్కనే బురదలో కూలబడి, "నన్నెందుకు చూసుకున్నావయ్యా, నన్నెందుకు చూసుకున్నావు," అని అదే మాట అంటూ ఉన్నారు.

పోలీసులు వచ్చి ప్రమాదం అని రాసుకున్నారు. ఊళ్ళో కొందరు కంప్యూటరే చంపింది అన్నారు. కొందరు జోజిదే అజాగ్రత్త అన్నారు. శాంతి మూడో చెరువు గట్టు మీదకు రాలేదు, షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పడే ముందు కంప్యూటరు తనలో దాచుకున్న వరసలన్నీ చదివింది. బయటికి వచ్చి అందరి ముందూ చెప్పింది.

"మోటార్ల ప్రోగ్రాం ఆ టైముకి రెండోదాని మీదుందండి. దానికి చేతకాని పని అడిగిందండి. దాన్ని లేపింది నేనేనండి."

"అడిగింది నేనేగా అమ్మా," అన్నారు రమణగారు.

ఇద్దరూ నా వైపు చూశారు. నేనేం చెప్పాలి? లేపెయ్యమని బతిమాలింది ఆయనే. ఫ్యూజు వద్దన్నదీ ఆయనే. చచ్చిపోయింది కూడా ఆయనే. ఎవరినైనా తిట్టుకుంటే కొంచెం తేలికపడేదాన్నేమో. తిట్టడానికి నాకు మనిషి దొరకలేదు.

మర్నాడు పెట్టె మోశారు. దారిలో భుజాలు మారాయి. సుభాష్ వంతు వచ్చేసరికి పెట్టె ఆ పక్కకు ఒరిగింది. వాడు ఆగి, తువ్వాలు మడతలు పెట్టి భుజాన వేసుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. వెనక నడుస్తున్న శాంతి అక్కడే రోడ్డు పక్కన కూర్చుండిపోయింది. సమాధుల దాకా రాలేకపోయింది.

సరైన ప్రాసెసరు ఆ తర్వాత వారం వచ్చింది.

శాంతి మా ఇంటికి రావడం మానలేదు. సాయంత్రాలు వచ్చి అరుగు మీద కూర్చునేది. ఒకరోజు పలక తెచ్చింది. ఊరికే కూర్చోలేక అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. ఊరికే కూర్చోలేక నేనూ దిద్దాను. అలా ఆ చలికాలమంతా గడిచింది. మధ్యలో తను రాత్రింబగళ్ళు కూర్చుని, ఆలస్యంగా లేచినవాళ్ళను కూడా కెర్నెల్ అడిగి తీరాలని, తేడా ఉంటే లోపలికి రానివ్వకూడదని ఒక దిద్దుబాటు రాసింది. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి ఆ కెర్నెల్‌ను చూసుకుంటారట, వాళ్ళకు పంపింది.

జవాబు వచ్చిన రోజు నా పలక పక్కన పెట్టేసి చెప్పింది.

"అది ఎప్పుడో సరిచేసేసేరంట పిన్ని. ఎవరో మనకంటే ముందే చూసేరు. కొత్త కెర్నెల్ అయితే ఆ రోజు వాటిని నన్ను లేపనిచ్చేదే కాదు. మన షెడ్డులోది పాతది. నేను మార్చలేదు."

"ఎందుకు మార్చలేదు?"

"బాగానే నడుస్తోంది కదా అని."

నేను పలక మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

రమణగారు చెరువులు మానలేదు. మానితే మేమందరం ఎక్కడికి వెళ్తాం? కొత్త కెర్నెల్, సరైన ప్రాసెసరు పెట్టి శాంతి కంప్యూటరు లేపింది. ఒక్కో కోరునూ అడిగింది. అన్నీ ఒకేలా చెప్పాయి. అంత అడగడానికి కన్ను మూసి తెరిచినంత సేపు కూడా పట్టలేదు. నేను పక్కనే నిలబడి చూశాను.

ఇప్పుడు ఫ్యూజు డబ్బా తాళం నా దగ్గర ఉంటుంది. ఎవరు దిగినా నేనే ఫ్యూజు పీకి, నా చేత్తోనే తలగుడ్డలో ముడివేస్తాను. సుభాష్ అయితే నా ముందు తల వంచాల్సిన పనే లేదు. ముడి గట్టిగా లాగితే "అబ్బా అక్కా, జుట్టు" అంటాడు. ఇంకా గట్టిగా లాగుతాను.

ఫోను మోగడం శాంతి తీసేస్తానంది. రమణగారు వద్దన్నారు. ఎవరైనా దిగుతున్నారంటే ఆయన ఇంట్లో ఉండలేక గట్టు మీదకు వచ్చి ఆ సిమెంటు బల్ల మీద కూర్చుంటారు. ఫ్యూజు పీకగానే ఆయన ఒళ్ళో ఫోను కేకలు మొదలుపెడుతుంది. దాన్ని నొక్కరు, ఎత్తరు. ఎడమ చెయ్యి చొక్కా మీద పెట్టుకుని, చెరువు వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ ఉంటారు.

"సుందరీ, గట్టెక్కేడా?" అంటారు నాతో.

"ఇంకా లేదండి."

ఫోను మోగుతూనే ఉంటుంది.